పక్షవాతం తర్వాత రోజువారీ పనులు తిరిగి అలవాటు చేయడం ఎలా? ఇంటివారి కోసం ఆక్యుపేషనల్ థెరపీ మార్గదర్శి

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మనిషి గురించి చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: నడుస్తున్నారా? నడక ముఖ్యమే. కానీ చేతికర్ర సాయంతో వరండా దాకా నడిచి రాగలిగిన తర్వాత కూడా చొక్కా గుండీలు పెట్టుకోలేక, అన్నం కలుపుకోలేక, స్నానానికి ఒంటరిగా వెళ్ళలేక, ప్రతి చిన్న పనికీ ఇంకొకరిని పిలవాల్సి రావడం ఎన్నో ఇళ్ళలో నెలల తరబడి సాగుతూనే ఉంటుంది. ఈ పనులను మళ్ళీ ఆ మనిషి చేతికి అందించడమే ఆక్యుపేషనల్ థెరపీ చేసే పని. ఫిజియోథెరపిస్టు ప్రధానంగా కండరాల బలం, కీళ్ళ కదలిక, నిలకడ, నడక మీద దృష్టి పెడితే, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ బలాన్నీ కదలికనీ స్నానం, భోజనం, బట్టలు, వంట, ఉద్యోగం వంటి పనుల్లోకి ఎలా మళ్ళించాలో చూస్తారు. అందుకోసం రోగి చెయ్యి ఎంత లేస్తోందన్నదే కాక, చూపు, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఇంటి గడపల ఎత్తు, బాత్రూం తలుపు వెడల్పు కూడా లెక్కలోకి తీసుకుంటారు.

మన దేశంలో ఈ వైద్య విద్యకు తొలి పాఠశాల 1950లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. దానికి పూనుకున్న కమలా నింబ్కర్ అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి వివాహమాడి ఇక్కడ స్థిరపడినవారు. ఇన్ని దశాబ్దాలు గడిచినా మన తెలుగు రాష్ట్రాల్లో పెద్ద నగరాలు దాటితే ఈ థెరపిస్టులు దొరకడం కష్టంగానే ఉంది. దొరికినచోట కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి చూపించుకోగలిగితే గొప్ప. మిగిలిన రోజుల్లో ఈ పని ఇంటివారి చేతుల్లోనే జరగాలి. కాబట్టి వీలైతే ఒక్కసారైనా థెరపిస్టుతో పూర్తి పరీక్ష చేయించి, వారి సూచనలను దగ్గర పెట్టుకుని, ఈ కింది పద్ధతులను అమలు చేయడం మంచిది.

ముందుగా ఒక రోజంతా గమనించండి

ఏదైనా నేర్పించడానికి ముందు, పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే వరకు ఏ పని ఎవరు చేస్తున్నారో ఒక నోటు పుస్తకంలో రాయండి. పళ్ళు తోముకోవడం, ముఖం కడుక్కోవడం, మంచం దిగడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, బట్టలు మార్చుకోవడం, తినడం: ఒక్కొక్క పనికీ ఎదురుగా ‘తానే చేశారు’, ‘చెబితే చేశారు’, ‘చెయ్యి అందిస్తే చేశారు’, ‘మొత్తం మేమే చేశాం’ అని నాలుగింట్లో ఏదో ఒకటి రాస్తే చాలు. వైద్యులు దీనికే 1965 నుంచి వాడుకలో ఉన్న బార్తెల్ సూచికను ఉపయోగిస్తారు. అందులో పది అంశాలకు కలిపి నూరు మార్కులుంటాయి. మంచం మీద నుంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకు 15, తినడానికి 10, మరుగుదొడ్డి వాడకానికి 10, స్నానానికి 5, ఇలా. డిశ్చార్జి కాగితాల్లో ఈ మార్కు ఉంటే దాచి పెట్టుకోండి, తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇలా రాయడం మొదలుపెట్టిన ఇళ్ళలో సాధారణంగా బయటపడే విషయం ఏమిటంటే, ‘మొత్తం మేమే చేశాం’ అని రాసిన పనుల్లో సగం రోగికి చేతగాక కాదు, ఆయన చేసేవరకు ఆగే తీరిక ఇంట్లో ఎవరికీ లేక. కోడలికి ఆఫీసు బస్సు టైమవుతుంది, భార్యకు ఆయన గుండీతో తంటాలు పడుతుంటే చూడబుద్ధి కాదు. ప్రేమతో చేసే సేవే అయినా, చేయగలిగిన పనిని రోజూ ఇంకొకరు చేసిపెడుతూ ఉంటే ఆ మనిషి దాన్ని చేయడం మానేస్తాడు, కొన్నాళ్ళకు ప్రయత్నించడం కూడా మానేస్తాడు. కాబట్టి ఎక్కడ చెయ్యి వేయాలో, ఎక్కడ చేతులు కట్టుకుని నిలబడాలో తెలుసుకోవడమే ఇంటివారు నేర్చుకోవలసిన అసలు విద్య అని నా అభిప్రాయం.

అన్ని పనులూ ఒకేసారి మొదలుపెట్టకండి. రోగినే అడిగి రెండు మూడు ఎంచుకోండి. ఒకరికి ఎవరైనా వచ్చేలోపు తానే గడ్డం గీసుకోవాలని ఉంటుంది, ఇంకొకరికి పొద్దున్నే దేవుడి దగ్గర దీపం తానే వెలిగించాలని ఉంటుంది. మనకు ముఖ్యమనిపించేది వారికి ముఖ్యం కాకపోవచ్చు. మాట పడిపోయినవారైతే వస్తువులనో ఫొటోలనో చూపించి, తల ఊపుతో జవాబు రాబట్టవచ్చు.

పనిని ముక్కలు చేసి, చివరి ముక్క వారికి వదలండి

థెరపిస్టులు తరచూ వాడే ఒక పద్ధతి ఇంట్లో చాలా తేలిగ్గా అమలవుతుంది. పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, చివరి మెట్టు తప్ప మిగిలినవన్నీ మనం చేసి, ఆ చివరిది రోగికి వదిలేయాలి. అది బాగా అలవాటయ్యాక చివరి రెండు, ఆ తర్వాత చివరి మూడు, ఇలా వెనక నుంచి ముందుకు జరగాలి. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే మధ్యలో అలసిపోయి, మిగిలింది ఇంకొకరు పూర్తి చేయాల్సి వస్తుంది. వెనక నుంచి వస్తే ప్రతిసారీ పని ఆ మనిషి చేతిలోనే పూర్తవుతుంది.

చొక్కా తొడుక్కోవడాన్నే తీసుకుందాం. ఎడమ చెయ్యి పడిపోయిన వ్యక్తిని పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేలా గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి. మెత్తటి పరుపు అంచు మీద ఒక పక్కకు ఒరిగిపోతారు కనుక మొదటి వారాల్లో అక్కడ వద్దు. చొక్కాను ఒళ్ళో పరిచి, ఎడమ చెయ్యి దూర్చవలసిన భాగం రెండు మోకాళ్ళ మధ్య కిందికి వేలాడేలా పెట్టాలి. వ్యక్తి కాస్త ముందుకు వంగి, కుడిచేత్తో ఎడమ చేతిని పట్టుకుని ఆ రంధ్రంలోకి జారవిడిస్తే, చెయ్యి తన బరువుతోనే కిందికి దిగుతుంది. తర్వాత కుడిచేత్తో చొక్కా చేతిని మోచెయ్యి దాటించి భుజం వరకు లాక్కోవాలి. మోచెయ్యి దాటకుండానే తొందరపడి చొక్కాను వీపు వెనక్కి తిప్పితే మొత్తం మళ్ళీ జారిపోతుంది, చాలామంది విసుగుపడేది సరిగ్గా ఇక్కడే. భుజం దాకా వచ్చాక కాలరు పట్టుకుని మెడ వెనక నుంచి కుడివైపుకు తెచ్చి, కుడి చెయ్యి దూర్చి, రెండు అంచులూ సమంగా ఉన్నాయో లేదో చూసి, కింది గుండీ నుంచి పైకి పెట్టుకుంటూ రావాలి. కింది గుండీ కంటికి కనిపిస్తుంది, కాలరు దగ్గరిది కనిపించదు. అందుకే ఆ క్రమం.

తొడుక్కునేటప్పుడు బలహీనమైన వైపు ముందు, విప్పేటప్పుడు బలమైన వైపు ముందు. ప్యాంటు, లుంగీ, నైటీ, జాకెట్టు, స్వెటరు, అన్నిటికీ ఇదే నియమం.

మొదటి వారం మీరే అన్నీ చేసి చివరి గుండీ ఒక్కటే వారికి వదలండి. గుండీ మరీ కష్టమైతే గుండీలను పైకి అలంకారంగా ఉంచి వెనక వెల్‌క్రో కుట్టించవచ్చు, వీధి చివరి టైలరు చేసిపెడతాడు. లంగాలకూ పైజామాలకూ నాడా తీసి ఎలాస్టిక్ వేయించండి. జాకెట్టు ఒక సైజు వదులుగా, చేతులు వెడల్పుగా, హుక్కులు ముందువైపు ఉండేలా కుట్టించాలి. జీవితమంతా చీర కట్టిన మనిషిని శాశ్వతంగా నైటీలోకి మార్చేసి ఇక అంతే అనుకోకండి. కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుము దగ్గర వెల్‌క్రో పెట్టిన చీర ఒక్కటి సిద్ధం చేసి ఉంచితే, పేరంటానికో పెళ్ళికో పిలుపు వచ్చినప్పుడు ఆమె ‘నేను రాను’ అనకుండా ఉండే అవకాశం ఉంటుంది.

సాయం చేసే పద్ధతికీ ఒక వరుస ఉంది. మొదట ఊరికే ఆగండి. మెదడు దెబ్బతిన్నప్పుడు ‘గుండీ పెట్టండి’ అన్న మాట చెవిన పడటానికీ చెయ్యి కదలడానికీ మధ్య చాలా వ్యవధి పట్టవచ్చు, మనసులో పది లెక్కపెట్టుకోండి. కదలిక రాకపోతే ఒక్క మాటలో గుర్తు చేయండి. అదీ చాలకపోతే వేలితో చూపించండి లేదా మణికట్టును మెల్లగా తాకండి. ఆ తర్వాతే వారి చేతి మీద మీ చెయ్యి వేసి కలిసి చేయండి. మొత్తం మీరే చేయడం ఆఖరి మార్గం. ముగ్గురు చుట్టూ నిలబడి ఒకేసారి ‘అలా కాదు, ఇలా’ అనడం మాత్రం ఏ వరుసలోనూ లేదు.

భోజనం

చేత్తో తినే మనకు కుడిపక్క పడిపోవడం తెచ్చిపెట్టే ఇబ్బంది, చెంచాలతో తినేవాళ్ళకు పూర్తిగా అర్థం కాదు. ఎడమచేత్తో తినడం ఎంగిలి, అపచారం అన్న భావన చిన్నప్పటి నుంచి నాటుకుని ఉంటుంది. పంక్తిలో, చుట్టాల ముందు ఎడమచేత్తో తినలేక ‘ఆకలి లేదు’ అనేసేవాళ్ళు ఉంటారు. ‘ఇప్పుడు అవన్నీ పట్టించుకుంటే ఎలా’ అని కొట్టిపారేయకుండా, ముందుగా మనసు విప్పి మాట్లాడండి. ఎడమచేత్తో చెంచా పట్టడానికి చాలామంది ఒప్పుకుంటారు, చెయ్యి నేరుగా అన్నానికి తగలదు కనుక. కుడి చేతి పట్టు వచ్చేవరకు ఇది తాత్కాలిక ఏర్పాటని చెప్పడం వల్ల కూడా ఒప్పుకోలు తేలికవుతుంది.

అంచు నిటారుగా, కాస్త ఎత్తుగా ఉన్న కంచం తీసుకుని దాని కింద తడిగుడ్డ మడిచి వేస్తే కంచం జారదు. చెంచా పిడి సన్నగా ఉండి పట్టు చిక్కకపోతే, దానికి గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. బలహీనమైన చేతిని ఒళ్ళో వదిలేయకుండా బల్ల మీద, కంచం పక్కన, కంటికి కనిపించేలా పెట్టించండి. వేళ్ళలో కాస్త కదలిక మొదలయ్యాక ఆ చేతికి పని ఇవ్వాలి. ఇడ్లీ ముక్క, అరటిపండు ముక్క వేళ్ళకు తేలిగ్గా అందుతాయి, నలిగినా ఫరవాలేదు. తర్వాత ముద్దపప్పు అన్నం, గట్టి పెరుగన్నం. చారన్నం ముద్ద చేయడం అన్నిటికన్నా కష్టం, దాన్ని చివరికి ఉంచండి. భోజనం మొదట్లో ఆకలి మీద ఉన్నప్పుడు బలమైన చేత్తో తిననిచ్చి, కడుపు కాస్త నిండాక ఆఖరి రెండు మూడు ముద్దలు బలహీనమైన చేత్తో ప్రయత్నించమనడం మేలు. ఆకలితో ఉన్న మనిషికి ముద్ద నోటిదాకా రాకుండా జారిపోతుంటే కోపం రాక ఏమవుతుంది? ఆ చేతికి స్పర్శ తగ్గి ఉండవచ్చు కనుక, పొగలు కక్కే అన్నంలో వేళ్ళు పెట్టనివ్వకండి. వేడిని ముందు మీరే చూడండి.

వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది మింగడం. తింటుంటే దగ్గు రావడం, తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, బుగ్గలో మెతుకులు నిలిచిపోవడం కనిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళుతోందేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి. గట్టి పదార్థం కన్నా మంచినీళ్ళు, చారు, పల్చటి మజ్జిగ ఎక్కువ ప్రమాదకరం. పడుకోబెట్టి పోయడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి, తిన్న తర్వాత కనీసం అరగంట అలాగే కూర్చోనివ్వండి.

మొండితనం అనిపించేవి, కానివి

మెదడులో కుడిభాగం దెబ్బతిన్న కొందరిలో ఎడమవైపు ప్రపంచం ఉందన్న స్పృహే తగ్గిపోతుంది. కంచంలో కుడి సగం తినేసి ఎడమ సగం వదిలేస్తారు, గడ్డం ఒకవైపే గీసుకుంటారు, నడుస్తూ ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటారు. కన్ను కనిపించక కాదు, గమనిక అటు వెళ్ళక. కంచానికి ఎడమ అంచున ఎర్రటి టేపు అంటించి, ‘ఎరుపు కనిపించేదాకా తల తిప్పండి’ అని ప్రతి పూటా గుర్తుచేయాలి. వార్తాపత్రిక చదివేటప్పుడు కూడా ఎడమ మార్జిన్ మీద ఎర్ర గీత గీసి ఇదే పద్ధతి పాటించవచ్చు. కంచం తిప్పి పెట్టేస్తే ఆ పూటకు గడుస్తుంది కానీ తల తిప్పే అలవాటు రాదు.

ఇంకొందరికి చేతిలో బలం ఉంటుంది, మాట అర్థమవుతుంది, అయినా దువ్వెన ఇస్తే పళ్ళకు పెట్టుకుంటారు, చొక్కాలో కాలు దూర్చబోతారు. పని చేసే క్రమం మెదడులో చెదిరిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఇలాంటివారికి ఎక్కువ మాటలు చెప్పకండి. ఆ పనికి కావలసిన వస్తువు ఒక్కటే ఎదురుగా ఉంచి, రోజూ అదే చోట, అదే సమయానికి, అదే వరుసలో, వారి చేతిని మీ చేత్తో పట్టి పని మొదలుపెట్టించండి. తప్పు చేశాక దిద్దడం కన్నా తప్పు జరగక ముందే చేతిని సరైన దారిలో నడిపించడం వీరికి మేలు చేస్తుంది.

స్నానం, మరుగుదొడ్డి

పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ, సిగ్గుతో మనిషి కుంగిపోయేదీ ఇక్కడే. ముందు మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం రావాలి. కుర్చీని బలమైన కాలి వైపు, మంచానికి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పెట్టండి. వీల్‌ఛైర్ అయితే బ్రేకులు వేసి, పాదాల పలకలు పక్కకు తీసేయాలి. మనిషి మంచం అంచుకు జరిగి, పాదాలు మోకాళ్ళ కన్నా కొంచెం వెనక్కి పెట్టుకుని, ముక్కు పాదాల మీదికి వచ్చేంతగా ముందుకు వంగితే పిరుదులు వాటంతటవే తేలికవుతాయి. అప్పుడు లేచి, బలమైన కాలి మీద తిరిగి, బలమైన చేత్తో కుర్చీ చేతిని అందుకుని కూర్చోవాలి. మీరు బలహీనమైన వైపు నిలబడి, ఆ మోకాలు మడతపడకుండా మీ మోకాలితో కాస్తూ, నడుముకు కట్టిన వెడల్పాటి గుడ్డ బెల్టును పట్టుకోండి. చంకల కింద చేతులు వేసి లేపడం, బలహీనమైన చేతిని పట్టి లాగడం రెండూ తప్పు. కండరాల పట్టు తప్పిన భుజం కీలు తేలిగ్గా జారుతుంది, ఆ నొప్పి మొదలైతే నెలల తరబడి చికిత్స వెనకబడుతుంది. రోగి మీ మెడ పట్టుకుని వేలాడటం మీ నడుముకూ మంచిది కాదు.

బలమైన వైపుకు మారడం తేలిక, కానీ బాత్రూంలోకి వెళ్ళేటప్పుడు కమోడ్ బలమైన వైపు ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు కుర్చీ బలహీనమైన వైపు పడుతుంది. అందుకని రాకపోకలు రెండూ విడివిడిగా సాధన చేయించాలి.

నేల మీది దొడ్డికి బదులు, దాని మీద నిలిపే కమోడ్ కుర్చీ మందుల షాపుల్లోనూ సర్జికల్ దుకాణాల్లోనూ దొరుకుతుంది. కూర్చుంటే పాదాలు నేలకు ఆని మోకాళ్ళు సమంగా మడిచే ఎత్తు ఉండేలా చూసుకోండి. గోడకు బిగించే స్టీలు పట్టీ బలమైన చేతి వైపు ఉండాలి. తువ్వాలు ఆరేసే కడ్డీని పట్టీగా వాడటం ప్రమాదం, మనిషి బరువు పడగానే అది గోడ నుంచి ఊడి వస్తుంది. తలుపుకు లోపలి గడియ తీసేసి, బయట ఒక గుర్తు వేలాడదీయండి.

ఎడమచెయ్యి పడిపోయినవారికి ఇంకో సమస్య ఉంది. ఇన్నాళ్ళూ కడుక్కున్న చెయ్యి పనిచేయదు, తినే చేత్తోనే కడుక్కోవాలి. పెద్దవాళ్ళకు ఇది చాలా బాధ కలిగిస్తుంది, ఈ కారణంగా తిండి తగ్గించుకునేవారూ ఉన్నారు, బయటికి మాత్రం చెప్పరు. చేతితో నొక్కే నీటి పైపును బలమైన చేతి వైపు బిగించి, చెయ్యి తగలకుండానే నీటి ధారతో శుభ్రపరచుకోవడం నేర్పండి. అక్కడే చేతికి అందేలా సబ్బు ద్రవం సీసా పెట్టండి. ఈ ఏర్పాటుకు అయ్యే ఖర్చు తక్కువ, దానివల్ల ఒకరి సాయం పూర్తిగా తప్పుతుంది.

స్నానానికి, చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు వేసి, నేల పొడిగా ఉన్నప్పుడే మనిషిని కూర్చోబెట్టండి. బకెట్టులో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు పోసి, వేడిని బలమైన చేత్తోనే చూసుకోమనండి. బకెట్టును ఒక చిన్న స్టూలు మీద ఎత్తి పెడితే వంగే పని ఉండదు. సబ్బును పాత సాక్సులో వేసి ముడివేసి కుర్చీ చేతికి కడితే జారిపోదు. బలమైన చెయ్యి ఒళ్ళంతా రుద్దగలదు, తనను తాను మాత్రం రుద్దుకోలేదు. సబ్బు పట్టించిన గుడ్డను తొడ మీద పరిచి, ఆ చేతిని దాని మీద ముందుకూ వెనక్కూ రుద్దితే ఆ పనీ అయిపోతుంది.

గడపల గురించి ఒక మాట. పసుపు రాసి బొట్లు పెట్టే సింహద్వారం గడపను కొట్టించమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, అక్కర్లేదు కూడా. రెండు వైపులా చెక్కతో ఏటవాలు పలకలు చేయించి, అవసరమైనప్పుడు వేసి తర్వాత తీసేయవచ్చు. అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు ఉండాలన్నది లెక్క. అంటే మూడు అంగుళాల గడపకు ఒక్కో వైపు మూడు అడుగుల పలక కావాలి.

బలహీనమైన చేతిని మరచిపోనివ్వకండి

ఒంటి చేత్తో పనులు చేసుకోవడం రాగానే, రెండో చెయ్యి కొంత కోలుకున్నా దాన్ని వాడటం మానేసే అలవాటు పడుతుంది. దీన్ని ఎదుర్కోవడానికి అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన చికిత్సలో, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం బలమైన చేతికి మందపాటి తొడుగు వేసి, రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటల వరకు బలహీనమైన చేత్తోనే పనులు చేయిస్తారు. మణికట్టునూ వేళ్ళనూ కొంతవరకు తమంతట తాము పైకెత్తగలిగినవారికే ఇది తగుతుంది, థెరపిస్టు చెప్పకుండా ఇంట్లో మొదలుపెట్టడం మంచిది కాదు. ఆ స్థాయి తీవ్రత లేకపోయినా, రోజువారీ పనుల్లో ఆ చేతికి వాటా ఇవ్వడం మాత్రం ఎవరైనా చేయవచ్చు. ఏ కదలికా లేని చెయ్యి కాగితం కదలకుండా బరువు పెట్టడానికి పనికొస్తుంది. కాస్త కదిలే చెయ్యి బల్ల తుడవగలదు, తువ్వాలు మడతకు అంచు పట్టగలదు. వేళ్ళు కదిలే చెయ్యి కందిపప్పులో రాళ్ళు ఏరగలదు, పచ్చి బఠానీలు ఒలవగలదు, చపాతీ పిండి పిసకగలదు. రబ్బరు బంతిని గంటలకొద్దీ నొక్కించడం మీద మనవాళ్ళకు ఉన్న నమ్మకం నాకు లేదు. చాలామందిలో వేళ్ళు ముడుచుకోవడం కష్టం కాదు, తెరుచుకోవడమే కష్టం. బిగుసుకుపోయిన చేతికి బంతి ఇవ్వాలా వద్దా అన్నది థెరపిస్టును అడిగే నిర్ణయించండి. చెయ్యి వాచే సూచన ఉంటే గాజులు, ఉంగరాలు ముందే తీసేయాలి.

వంటిల్లు, బ్యాంకు

వంట చేసే అలవాటున్న మనిషిని ‘నువ్వు కూర్చో అమ్మా, మేం చేస్తాం’ అని వంటింట్లోంచి పూర్తిగా పంపేయకండి. కత్తిపీటకు రెండు చేతులూ, నేల మీద కూర్చుని లేవగల శక్తీ కావాలి కనుక దాన్ని పక్కన పెట్టి, రెండు స్టీలు మేకులు పైకి పొడుచుకువచ్చేలా దిగ్గొట్టిన చెక్క పలక చేయించండి. ఉల్లిపాయనో బంగాళాదుంపనో ఆ మేకులకు గుచ్చితే ఒంటి చేత్తో కోయవచ్చు. వాడనప్పుడు మేకులకు బెండు ముక్కలు గుచ్చి ఉంచాలి. పొయ్యి దగ్గర ఎత్తైన, వెనక ఆనుకునే పీఠమున్న స్టూలు వేయండి. గంజి వార్చే పని పెట్టుకోకుండా కుక్కరులోనే అన్నం వండాలి. స్పర్శ లేని చేతిని మంట దగ్గర ఆధారంగా పెట్టనివ్వకండి.

సంతకం మారిపోయినందువల్ల పెన్షన్ డబ్బు తీసుకోవడానికి ఇబ్బంది పడేవారు గమనించవలసింది ఒకటుంది. సంతకం చేయలేని అనారోగ్య స్థితిలో ఉన్న ఖాతాదారు వేలిముద్ర, అదీ సాధ్యం కాకపోతే కాలి బొటనవేలి ముద్ర వేసి డబ్బు తీసుకునేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తున్నాయి. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు దాన్ని గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి కావాలి. శాశ్వత వైకల్యం మిగిలి అది 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువగా తేలితే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రంతో అనేక ప్రయోజనాలకు అర్హత వస్తుంది.

ఎంతకాలం, ఎంత మోతాదు

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. ఏడాది దాటాక చేతి బలం పెద్దగా పెరగకపోయినా, కొత్త పద్ధతిలో పని చేసుకోవడం నేర్చుకోవచ్చు. సాధనను వేరే తరగతిలా సాయంత్రం నాలుగింటికి పెట్టకుండా, స్నానం స్నానం వేళకు, బట్టలు బట్టలు మార్చుకునే వేళకు నేర్పండి. తొందర ఉన్న పూట మీరే చేసేయండి, తప్పు లేదు, కానీ తీరికున్న ఒక పూటను ప్రతిరోజూ వారికి కేటాయించండి. పక్షవాతం తర్వాత వచ్చే అలసట బద్ధకం కాదు. స్నానం చేసి వెంటనే బట్టలు తొడుక్కోవడం ఎక్కువైతే మధ్యలో పావుగంట విశ్రాంతి ఇవ్వండి. ఊరికే ఏడుపు రావడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే అది కూడా చికిత్స ఉన్న జబ్బే, డాక్టరుకు చెప్పాలి.

భుజం నొప్పి పెరుగుతున్నా, చెయ్యి వాచి ఎర్రబడి మెరుస్తున్నా, తరచూ జ్వరంతో పాటు దగ్గు వస్తున్నా, ఒకసారి పడిపోయినా థెరపిస్టునో డాక్టరునో వెంటనే కలవండి. మూతి వంకర, మాట తడబాటు, ఏదైనా చేతిలో కాలిలో కొత్తగా బలహీనత అకస్మాత్తుగా కనిపిస్తే, అది రెండోసారి వచ్చిన పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, కాబట్టి తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేసి, లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో కాగితం మీద రాసి వెంట తీసుకెళ్ళండి.